‘అన్‌ఫర్గాటెన్’ నెమ్మదిగా ఉందని ఆపేయొచ్చా? కాసీ లేని సీజన్లు చూడాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అందరూ తెగ మెచ్చుకుంటున్నారని బ్రిటిష్ క్రైమ్ సీరియల్ ‘అన్‌ఫర్గాటెన్’ మొదలుపెట్టారు. రెండు ఎపిసోడ్లు అయ్యాయి. ఒకరితో ఒకరికి సంబంధం లేని నలుగురి ఇళ్లు చూపిస్తున్నారు, హంతకుడి జాడ లేదు, కథ కదలట్లేదు. పైగా నాలుగో సీజన్ తర్వాత ముఖ్య పోలీసు అధికారి కాసీ ఉండదు కాబట్టి చూడటం దండగని చాలామంది అంటున్నారు. ఆపేయాలా, కొనసాగించాలా?

కొనసాగించండి. మొదటి సీజన్ మూడో ఎపిసోడ్ అయ్యేదాకా ఏ నిర్ణయానికీ రావద్దు. సీజన్లు వరసలోనే చూడండి, ఐదోది వదిలేయొద్దు. హంతకుడెవరో ముందే పట్టుకోవాలన్న సరదాతోనే క్రైమ్ సీరియళ్లు చూసేవాళ్లయితే మాత్రం ఇది మీకు అంతగా ఎక్కకపోవచ్చు. అలాంటివాళ్లకు సరిపడేవి వేరే ఉన్నాయి, చివర్లో చెప్తాను.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను సెషన్స్ కోర్టులో అదనపు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా చాలా ఏళ్లు చేశాను. ఎక్కువగా హత్య కేసులే. ఏళ్ల తరబడి బీరువాల్లో పడి ఉండి, ఎక్కడో ఏదో బయటపడితే మళ్లీ తెరుచుకున్న కేసులు కూడా నా చేతుల మీదుగా నడిచాయి. మా అమ్మాయి ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటుంది. దాని దగ్గరికి వెళ్లినప్పుడల్లా రాత్రిళ్లు ఇద్దరం కూర్చుని ఈ సీరియళ్లు చూస్తాం, ఎపిసోడ్ అయ్యాక అర్ధరాత్రి దాకా వాదించుకుంటాం. కాబట్టి ఇక్కడ రాసేదాంట్లో ప్రేక్షకురాలి మాట సగం, కోర్టు మాట సగం.

ముందు ఆ నెమ్మదితనం సంగతి.

2015 అక్టోబరులో బ్రిటన్ టీవీ చానల్ ఐటీవీలో మొదలైన సీరియల్ ఇది. రాసేది క్రిస్ లాంగ్, దర్శకుడు ఆండీ విల్సన్. సీజన్‌కి ఆరు ఎపిసోడ్లు, ఆరింటికీ కలిపి ఒకటే కేసు. 2025 నాటికి ఆరు సీజన్లు వచ్చాయి. మొదటిదాంట్లో లండన్‌లోని విల్స్‌డెన్‌లో ఒక ఇల్లు కూలగొడుతుంటే నేలమాళిగలో ఎముకలు దొరుకుతాయి. అవి ఏ కాలం నాటివో కూడా మొదట ఎవరికీ తెలియదు. పోలీసు అధికారులు కాసీ స్టూవర్ట్, సన్నీ ఖాన్ అక్కడి నుంచి మొదలుపెడతారు. ఒక తుప్పుపట్టిన కారు తాళంచెవి, దాన్ని పట్టుకుని పోతే ఒక పాత కారు, ఆ కారులో తడిసి ముద్దయిన డైరీ, ఆ డైరీలో పేర్లు. చనిపోయింది 1976లో కనిపించకుండా పోయిన జిమ్మీ సలివన్ అనే కుర్రాడు. ఇదంతా తేలడానికి రెండు ఎపిసోడ్లు పడుతుంది. అక్కడే మీకు విసుగొచ్చింది.

పాత కేసులో మొట్టమొదటి పని హంతకుణ్ని వెతకడం అనుకుంటారు చాలామంది. అసలు పని చచ్చిపోయిందెవరో తేల్చడం. అది తేలకపోతే ఎవర్ని అడగాలో తెలియదు, ఏమడగాలో తెలియదు, చార్జిషీటు వేసినా కోర్టులో నిలబడటం మహా కష్టం. మా పనిలో సగం తలనొప్పి అక్కడే.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెప్తాను, ఊరూ పేరూ వద్దు. వాడకం లేని బావిలో పూడిక తీస్తుంటే ఎముకలు బయటపడ్డాయి. ఆ ఊళ్లో చాలా ఏళ్ల కిందట ఒక కుర్రాడు పొలం గట్టు తగాదా తర్వాత కనిపించకుండా పోయాడు. అప్పట్లో మిస్సింగ్ కేసు కట్టి వదిలేశారు. ఎముకలతో పాటు నల్లబడిపోయిన వెండి మొలతాడు ఒకటి దొరికింది. తల్లిని పిలిస్తే చూడగానే తన కొడుకుదేనంది, కొక్కెం ఊడిపోతే తానే రాగి తీగతో చుట్టానంది. తీగ అలాగే ఉంది. ఎస్‌ఐ సంబరపడ్డాడు. కోర్టులో డిఫెన్సు లాయరు మొలతాడు చేతిలో పట్టుకుని, ఇలాంటివి బజారులో ఏ కంసాలి కొట్లోనైనా దొరుకుతాయా లేదా, ఊళ్లో ఇంకెవరికీ లేవా, రాగి తీగ మీ ఇంట్లోనే ఉంటుందా అని ఆ ముసలావిణ్ని గంటసేపు నిలబెట్టాడు. చివరికి డీఎన్‌ఏ నివేదికే ఆదుకుంది. ఎముకలు ఆవిడ కొడుకువేనని తేలింది. కానీ కొట్టింది ఎవరో చూశామన్న ఇద్దరూ అడ్డం తిరిగారు. కేసు కొట్టేశారు.

తీర్పు రోజు వరండాలో ఆవిడ నా దగ్గరికొచ్చింది. ముద్దాయిలు బయటికి వెళ్లిపోతున్నారు. వాళ్ల వైపు చూడను కూడా లేదు. “లాయరమ్మా, చచ్చిపోయింది మావాడేనని జడ్జిగారు రాశారా?” అని అడిగింది. రాశారమ్మా అన్నాను. “అయితే దినం చేయించుకోవచ్చు గదా” అంది. అన్నేళ్లూ ఆవిడ కొడుకుకి తద్దినం పెట్టలేదు. బతికున్నాడేమోనని.

మొదటి సీజన్లో జిమ్మీ తల్లి మోరీన్ కూడా దాదాపు నలభై ఏళ్లుగా అలాగే ఉంటుంది. ఫ్రాన్సెస్ టొమెల్టీ వేసిన పాత్ర అది. ఆవిడ ఇంటికి కాసీ వెళ్లే సన్నివేశాల్ని హడావిడి లేకుండా చూడండి. సంగీతం మోగించి మన చేత ఏడిపించే ప్రయత్నం ఉండదు. ఒక పోలీసు అధికారి ఎదురుగా కూర్చుని, తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు చెప్తుంది. ఆ ఇంట్లో కూర్చునే తీరు నాకు తెలుసు. ఈ సీరియల్‌ని నేను నమ్మడం మొదలైంది అక్కడే. అంత టైము తీసుకోకపోతే ఆ సన్నివేశానికి బరువు రాదు.

ఇక ఆ నలుగురి సంగతి. ఈ సీరియల్ పద్ధతి ప్రతి సీజన్లోనూ ఇదే. మొదటి ఎపిసోడ్ నుంచే ముగ్గురో నలుగురో వేరు వేరు మనుషుల్ని చూపిస్తారు. వాళ్లకీ శవానికీ సంబంధమేంటో చెప్పరు. మొదటి సీజన్లో ప్రభుత్వ పదవి అందుకోబోతున్న వ్యాపారవేత్త, ఒక చర్చి ఫాదర్, పేద పిల్లలకు చేయూతనిచ్చే ఒక నడివయసు ఆవిడ, చక్రాల కుర్చీలో ఉంటూ మతిమరుపు జబ్బొచ్చిన భార్యతో బతుకు లాగుతున్న ఒక ముసలాయన ఉంటారు. ఆ ముసలాయనగా వేసింది టామ్ కోర్ట్నీ. ఈ పాత్రకే 2016లో ఉత్తమ సహాయ నటుడిగా బాఫ్టా అవార్డు వచ్చింది. గుర్తుండకపోతే ఒక కాగితం మీద పేర్లు రాసి పెట్టుకోండి, మా ఇంట్లో అలాగే చేశాం. మూడో ఎపిసోడ్ నాటికి కాగితం అక్కర్లేదు.

వాళ్లలో లిజీ విల్టన్ కథ ఒక్కటి చెప్తాను, హంతకురాలా కాదా అన్నది బయటపెట్టకుండా. రూత్ షీన్ వేసింది. భర్త నల్లజాతి మనిషి. ఎన్నో ఏళ్ల కాపురం. ఒక నల్లజాతి కుర్రాణ్ని దగ్గరకు తీసి చదివిస్తుంటుంది. పోలీసులు వచ్చి 1976 గురించి అడగడం మొదలుపెట్టాక, వయసులో ఉన్నప్పుడు ఆవిడ జాతి ద్వేషంతో ఊగిపోయే ముఠాలో తిరిగిందని బయటపడుతుంది. ఆ మాట భర్త చెవిన పడిన క్షణం నుంచి ఆ ఇంట్లో ఏం జరిగిందో చూడండి. ఆవిడ ఇప్పుడు మంచిది. నిజంగానే మంచిది. నటన లేదు. కానీ ఆ మంచితనం పుట్టిందే ఆ పాత పాపంలోంచి. భర్తకి అది తెలియదు. ఎవరికీ ఏ శిక్షా పడకముందే, అసలు నేరం ఎవరిదో తేలకముందే, విచారణ అనేదే ఒక ఇంటిని నిట్టనిలువునా చీల్చేస్తుంది.

నేను కోర్టులో చూసింది అచ్చంగా అదే. పాత కేసు తెరిస్తే ముద్దాయి ఒక్కడి బతుకే బయటికి రాదు. సాక్షిగా పిలిచిన మనిషి అప్పుడు ఆ ఊళ్లో ఎందుకున్నాడు, ఎవరింట్లో ఉన్నాడు అన్నవి కూడా వస్తాయి. భార్యా పిల్లలు కోర్టు హాల్లో కూర్చుని వింటుంటారు. చాలామంది సాక్షులు డబ్బులకు అమ్ముడుపోయి అడ్డం తిరిగారని జనం అనుకుంటారు. అదీ ఉంటుంది. కానీ ఇలా ఇంటి పరువు కోసం నోరు నొక్కుకున్నవాళ్లు ఎంతమందో. ఈ సంగతి ఇంత వివరంగా చూపించిన సీరియల్ నాకు ఇంకోటి తగల్లేదు. ‘హంతకుడెవరు’ అన్నది ఇందులో రెండో ప్రశ్న. ఆ పని జరిగాక ఇన్నేళ్లు ఎలా బతికారు అన్నది మొదటిది. ఆ మనసుతో చూస్తే నెమ్మది అనిపించదు.

విచారణ గది సన్నివేశాలు మనవాళ్లు చాలామందికి వింతగా ఉంటాయి. లాఠీ లేదు, అరుపుల్లేవు, టేబుల్ మీద చెయ్యి గుద్దడం కూడా అరుదు. ‘ఇలా అడిగితే ఎవడు ఒప్పుకుంటాడండీ’ అని ఒకాయన రాశారు. కాస్త చట్టం తెలిస్తే ఆ గదిలో ఎంత ఒత్తిడి ఉందో అర్థమవుతుంది.

ఇంగ్లండ్‌లో 1984 నాటి పోలీసు చట్టం ప్రకారం అనుమానితుణ్ని ప్రశ్నించేదంతా రికార్డు చెయ్యాలి. పక్కన లాయరు కూర్చోవచ్చు, డబ్బులున్నా లేకపోయినా ఉచితంగా ఇస్తారు. మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక చదువుతారు. మీరు ఏమీ చెప్పనక్కర్లేదు, కానీ తర్వాత కోర్టులో ఆధారపడబోయే విషయం ఇప్పుడు అడిగినప్పుడు చెప్పకపోతే అది మీ వాదనకు దెబ్బ కావచ్చు, చెప్పిందల్లా సాక్ష్యంగా వాడొచ్చు. ప్రతి సీజన్లో ఇది వినిపిస్తుంది. 1994లో చట్టం మార్చాకే ఈ రెండో ముక్క వచ్చి చేరింది. అందుకే ఆ గదిలో నోరు తెరిచినా ప్రమాదం, మూసుకున్నా ప్రమాదం. చార్జి పెట్టకుండా మామూలుగా 24 గంటలకు మించి ఉంచుకోకూడదు. పెద్ద కేసుల్లో అనుమతుల మీద అనుమతులు తెచ్చుకున్నా 96 గంటలే. గోడ మీద గడియారం వైపు కాసీ ఊరికే చూడదు.

మన దగ్గర సంగతి వేరు. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది ముద్దాయి మీద వాడటానికి వీల్లేదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, ఇప్పుడు కొత్త చట్టంలో 23. నోరు విప్పలేదని తప్పు పట్టడానికీ లేదు. ఆ మాట ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే అంతవరకే పనికొస్తుంది. అందుకే మన క్రైమ్ సినిమాలో క్లైమాక్సు ఎప్పుడూ కత్తి దొరకడమో, సాక్షి రావడమో. వాళ్ల సీరియల్లో క్లైమాక్సు టేబుల్‌కి అటూ ఇటూ కూర్చున్న ఇద్దరి మాటలే. మూడో సీజన్ చివరి ఎపిసోడ్లో అలాంటి సన్నివేశం ఒకటుంది. గొంతు పెరగదు, కుర్చీలోంచి ఎవరూ లేవరు. వింటున్న కాసీ ముఖం చూస్తూ ఉంటే మనకే ఒంట్లో సత్తువ పోయినట్టుంటుంది. ఆ సీజన్ కేసు ఎం1 హైవే మధ్యలో దొరికిన ఒక అమ్మాయి అస్థిపంజరం. కొత్త సహస్రాబ్ది రాత్రి కనిపించకుండా పోయిన పిల్ల. నా లెక్కలో ఆరింటిలో ఇదే అన్నిటికంటే గొప్ప సీజన్. చిన్నపిల్లలున్న తల్లులు మాత్రం రాత్రిపూట చూడొద్దు.

ఇప్పుడు ప్రేక్షకుల గొడవల్లోకి వస్తాను. కింద రెండో సీజన్ ముగింపు, ఆ తర్వాత నాలుగో సీజన్ ముగింపు ఉన్నాయి. చూడనివాళ్లు ‘కొత్త అధికారి’ అన్న పేరా దగ్గరికి వెళ్లిపోండి.

రెండో సీజన్. లండన్‌లో లీ నదిలో ఒక సూట్‌కేసు, అందులో 1990లో మాయమైన డేవిడ్ వాకర్ శవం. ఇక్కడ అనుమానితులు ముగ్గురు, బ్రైటన్‌లో ఒక లాయరు, ఒక టీచరు, క్యాన్సర్ వార్డులో ఒక నర్సు. చివరికి తేలేదేమిటంటే, ముగ్గురూ చిన్నప్పుడు పెద్దవాళ్ల చేతుల్లో లైంగికంగా నలిగిపోయినవాళ్లు. ఒకరి పగ ఇంకొకరు తీర్చారు. చంపినవాడికీ చచ్చినవాడికీ ఏ సంబంధమూ కనపడకుండా. కాసీ, సన్నీ మొత్తం కనిపెట్టి, వాళ్లకు ఎదురుగా చెప్పి, వదిలేస్తారు.

ఎక్కువమంది ప్రేక్షకులు దీన్ని మెచ్చుకున్నారు. ఆరు సీజన్లలోకీ మనసుకు నచ్చిన ముగింపు ఇదేనని రాసినవాళ్లు చాలామంది. మా అమ్మాయి కూడా వాళ్లతోనే. నేను ఒప్పుకోను. అక్కడ హత్య చార్జి పెట్టాలా వద్దా అని తేల్చేది పోలీసులు కారు, ప్రభుత్వ ప్రాసిక్యూటర్ల సంస్థ క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్. వాళ్లు రెండు చూస్తారు. శిక్ష పడేంత సాక్ష్యం ఉందా, కేసు నడపడం ప్రజాహితమా. రెండో దానికి ఈ ముగ్గురి విషయంలో వాదన ఉంది. చాలా బలమైన వాదన. అయితే అది ఫైలు మీద రాసి, పై అధికారి ముందు పెట్టి చెయ్యాల్సిన వాదన. మన దగ్గర నేను కేసు ఉపసంహరించుకోవాలన్నా క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో పాత 321, ఇప్పటి 360 సెక్షన్ కింద కారణాలు చెప్పి కోర్టు అనుమతి తీసుకోవాలి. ఇద్దరు మంచి పోలీసులు మంచి మనసుతో గుట్టుగా ఒక హత్యను మాఫీ చేస్తే, రేపు ఇద్దరు చెడ్డ పోలీసులు అదే పని ఇంకెవరికోసమో చేస్తారు. పైగా ఆ డేవిడ్‌కీ ఒక కొడుకున్నాడు.

ఇదంతా చెప్పాక మా అమ్మాయి అంది, “వాళ్లు పిల్లలుగా ఉన్నప్పుడు మీ కోర్టు ఎక్కడుందమ్మా?” అని. పోక్సో కేసుల్లో పిల్లల్ని సాక్షి బోనుకి తీసుకొచ్చిన మనిషిని నేను. ఒక పాపకి నీళ్లు తాగించి, పేరు చెప్పడానికే పావుగంట కూర్చోబెట్టిన రోజులున్నాయి. కాబట్టి ఆ ప్రశ్న నాకు తగలాల్సిన చోటే తగిలింది. అయినా నా అభిప్రాయం మారలేదు. ఆ ముగ్గురికీ జరిగింది బహిరంగంగా ఒక కోర్టులో వినిపించే అవకాశం కూడా ఆ నిర్ణయంతోనే పోయింది. మీరు చూసి మీ పక్షం మీరు ఎంచుకోండి. ఇంటిల్లిపాదీ కూర్చుని వాదించుకోవాల్సిన ముగింపు. లాయరుగా మార్క్ బోనర్ చేసిన నటన మీద మాత్రం రెండు అభిప్రాయాలకు తావు లేదు.

నాలుగో సీజన్. చెత్త యార్డులో పాత ఫ్రీజర్‌లో తలా చేతులూ లేని శవం. 1990లో మాయమైన మనిషి. అనుమానితులు ఒకే బ్యాచ్‌లో పోలీసు శిక్షణ పొందినవాళ్లు. కాసీ మూడో సీజన్ కేసు దెబ్బకి మానసికంగా కుదేలై ఉద్యోగం మానేద్దామనుకుంటే, పూర్తి పింఛనుకి 30 ఏళ్ల సర్వీసు నిండాలి, ఇంకో మూడు నెలలు చెయ్యాల్సిందే అంటారు. తిరిగొస్తుంది. కేసు కొసకొచ్చేసరికి రోడ్డు ప్రమాదంలో పోతుంది. ఆ ప్రమాదానికీ కేసుకీ ఏ సంబంధమూ లేదు.

బ్రిటన్‌లో 2021లో ఇది ప్రసారమైనప్పుడు ప్రేక్షకులు మామూలుగా బాధపడలేదు. మోసం చేశారన్నారు. కాసీగా వేసిన నికోలా వాకర్‌ని పంపించడానికి వేరే దారే లేదా, మూడు నెలలాగి రిటైర్ చేస్తే పోయేదేంటి, కారు తెచ్చి గుద్దించడం చవకబారుతనం కాదా అన్నారు. రచయితా నటీ కలిసే ఈ ముగింపు అనుకున్నామని అప్పట్లోనే చెప్పారు. అయినా కోపం తగ్గలేదు.

నేను రచయిత పక్షం. నాలుగు సీజన్ల పాటు కాసీ చేసిన పని ఏమిటి? మామూలు రోజున ఇంట్లోంచి బయటికెళ్లి తిరిగి రానివాళ్ల కోసం తిరగడం. జిమ్మీ అలాగే వెళ్లాడు, ఆ సహస్రాబ్ది రాత్రి పిల్లా అలాగే వెళ్లింది. కాసీ ముసలి తండ్రి, కొడుకులు, సన్నీ ఇప్పుడు ఆ ఇళ్లలోవాళ్ల వరసలోకి వచ్చారు. ముద్దాయి చేతిలో పోయుంటే ఆమె చావుకొక కథ దొరికేది, మనకు కోపం తీర్చుకోవడానికొక మనిషి దొరికేవాడు. అదేమీ ఇవ్వకుండా ఆపారు. పింఛను విషయానికొస్తే, అది నమ్మశక్యంగా లేదని కొందరన్నారు గానీ, సర్వీసు లెక్కల దగ్గర ఏ ప్రభుత్వ కార్యాలయమైనా అంతే కఠినంగా ఉంటుందని మన ఉద్యోగులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొత్త అధికారి. ఐదో సీజన్ 2023లో వచ్చింది. కాసీ స్థానంలో జెస్ జేమ్స్ వస్తుంది, వేసింది షినేడ్ కీనన్. దురుసుగా ఉందని, సన్నీతో పొసగట్లేదని, సీరియల్ పాడైపోయిందని మొదటి వారాల్లోనే తీర్పులిచ్చేశారు చాలామంది. మీరు విన్న ‘దండగ’ మాట అక్కడిదే. వాళ్లలో ఎక్కువమంది ఆరో ఎపిసోడ్ నాటికి మాట మార్చుకున్నారు కూడా. జెస్ కొత్త ఉద్యోగంలో చేరే రోజునే ఇంట్లో కాపురం కూలింది. సన్నీ మొహంలో కాసీ లేని లోటు కనిపిస్తూనే ఉంటుంది. వీళ్లిద్దరూ వచ్చీ రాగానే కలిసిపోయి ఉంటే అది అబద్ధమయ్యేది. పోలీస్ స్టేషన్లో మంచి సీఐ బదిలీ అయి కొత్తాయన వచ్చిన మొదటి నెల ఎలా ఉంటుందో నేను చూశాను. కానిస్టేబుళ్లు ఏ ఫైలూ తమంతట తాము ముందు పెట్టరు. ఆరో సీజన్ నాటికి ఇద్దరి మధ్యా నమ్మకం కుదురుతుంది. ఆ సీజన్లో కేసు మరీ పాతది కాదు, ఇప్పటి బ్రిటన్ తగాదాలన్నీ అందులో ఉంటాయి. కాస్త ఉపన్యాసంలా నడిచిన సన్నివేశాలు లేకపోలేదు.

సన్నీ గురించి రెండు మాటలు. సంజీవ్ భాస్కర్‌ని బ్రిటన్‌లో మనవాళ్లందరూ ఎరుగుదురు. ‘గుడ్‌నెస్ గ్రేషస్ మీ’, ‘ది కుమార్స్ ఎట్ నంబర్ 42’ కామెడీలతో పేరు తెచ్చుకున్న మనిషి. అలాంటి నటుణ్ని ఇంత గంభీరమైన పాత్రకి తీసుకోవడమే సాహసం. భారతీయ మూలాలున్న పాత్ర అనగానే బలవంతపు పెళ్లి కథో, మతం కథో అంటగట్టే అలవాటుంది అక్కడి టీవీకి. ఇక్కడ సన్నీ ఇద్దరు కూతుళ్లున్న తండ్రి, వీపున ఎప్పుడూ ఒక బ్యాగు, పని తెలిసిన పోలీసు. అంతే. ఆ బ్యాగుకి కూడా అభిమానులున్నారు. రెడింగ్‌లో మా అమ్మాయి స్నేహితులు, మన తెలుగు పిల్లలే, సన్నీ కోసమే చూసేవాళ్లున్నారు. వాళ్ల ఆఫీసుల్లో వాళ్లెలా ఉంటారో అతనూ అలాగే ఉంటాడట.

ఒప్పుకోవాల్సిన లోపాలు. అన్ని సీజన్లదీ ఒకటే అచ్చు అన్న విమర్శ నిజం. వరసగా రెండు సీజన్లు చూస్తే తెలిసిపోతుంది, అందుకే సీజన్‌కీ సీజన్‌కీ మధ్య కొన్నాళ్లు ఆగండి. అనుమానితుల్లో చాలామంది పలుకుబడి ఉన్నవాళ్లే కావడం ఇంకొకటి. నిజం కేసుల్లో అనుమానితులు ఎక్కువగా అదే వీధిలోవాళ్లు. పరీక్షల నివేదికలు వచ్చే వేగం చూస్తే నాకు అసూయ పుడుతుంది. మా కేసుల్లో డీఎన్‌ఏకి పంపిస్తే నివేదిక వచ్చేలోపు ఎస్‌ఐలు మారిపోయేవాళ్లు. ఇన్నేళ్ల తర్వాత సాక్షులు అంత స్పష్టంగా తేదీలతో సహా చెప్పడం కూడా నమ్మలేం. ఒకటి మాత్రం సరిగ్గా పట్టుకున్నారు. ప్రయోగశాల దారి చూపిస్తుంది గానీ కేసు తేలేది మనుషుల్ని పదే పదే కలిసి మాట్లాడితేనే. నాకు తెలిసిన మంచి దర్యాప్తు అధికారులందరూ చెప్పులరిగేలా తిరిగినవాళ్లే.

హంతకుణ్ని పట్టుకునే సరదానే మీకు ముఖ్యమైతే బీబీసీలో 2000 నుంచి 2011 దాకా వచ్చిన ‘వేకింగ్ ది డెడ్’ చూడండి. పాత కేసులే, రెండు ఎపిసోడ్లకొక కథ అయిపోతుంది, పరుగు ఎక్కువ. అందులో ఆ పాత కేసుల దళానికి పెద్దగా వేసిన ట్రెవర్ ఈవే ‘అన్‌ఫర్గాటెన్’ మొదటి సీజన్లో ఆ వ్యాపారవేత్త. రెండూ చూసినవాళ్లకు అతను టేబుల్‌కి అవతలి పక్క, అనుమానితుడిగా కూర్చోవడం ఒక ప్రత్యేకమైన ఆనందం. తేలిగ్గా, నవ్వుకుంటూ చూడాలంటే ‘న్యూ ట్రిక్స్’. రిటైరైన పోలీసులు పాత ఫైళ్లు తిరగేస్తారు, ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూడొచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లు ‘అన్‌ఫర్గాటెన్’ని పీబీఎస్ మాస్టర్‌పీస్‌లో చూస్తున్నారు. ఎక్కడ చూసినా సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. లండన్ యాసలో గొణిగే మాటల్లో ఒక పేరు జారిపోతే రెండు ఎపిసోడ్ల తర్వాత దాని విలువ తెలుస్తుంది. ఇప్పటికే చూసిన రెండు ఎపిసోడ్లు మళ్లీ వెయ్యక్కర్లేదు, మూడోది నేరుగా మొదలుపెట్టండి. డైరీలోని పేర్లు ఒక్కొక్కటీ ఎవరివో తేలేది అక్కడి నుంచే.